కువైట్ నుంచి జీతం యూఎస్‌డీటీగా పంపితే ఏమవుతుంది? బ్యాంకు డబ్బుకూ క్రిప్టోకూ తేడా

ప్రొద్దుటూరు అన్న అడిగింది ఇదీ: తమ్ముడు కువైట్‌లో పనిచేస్తున్నాడు, మామూలుగా పంపే మనీ ఎక్స్ఛేంజ్ వదిలేసి యూఎస్‌డీటీ అనే క్రిప్టో టోకెన్‌గా పంపితే రేటు ఎక్కువ పడుతుందంటున్నాడు, అసలు ఇది డబ్బేనా, బ్యాంకు డబ్బుతో తేడా ఎక్కడ?

అన్నా, జీతం దుడ్లు ఆ దారిలో తెప్పించుకోవద్దండి. ఎందుకో అర్థం కావాలంటే రెండూ లోపల ఎట్లా నడుస్తాయో చూడాలి.

మీ ఖాతాలో లక్ష ఉందంటే బ్యాంకు మీకు లక్ష బాకీ ఉందని అర్థం. కడపలో ఉన్న మీ అక్కకు ఫోన్‌పేలో పది వేలు కొడితే మీ బ్యాంకు తన లెక్కలో తగ్గిస్తుంది, ఆమె బ్యాంకు తన లెక్కలో పెంచుతుంది, ఆ రెండు బ్యాంకుల మధ్య బాకీ రిజర్వు బ్యాంకులో వాటికున్న ఖాతాల్లో తీరుతుంది. ప్రతి మెట్టు మీదా జవాబు చెప్పేవాడు ఒకడుంటాడు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉన్నంతవరకు ఆపే వీలుంది. బ్యాంకే మునిగితే ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది.

ఆ జవాబు చెప్పేవాడు అక్కర్లేకుండా చేయడానికే బిట్‌కాయిన్ పుట్టింది. సతోషి నకమోటో అనే పేరుతో 2008 అక్టోబరు 31న దాని పత్రం వచ్చింది, 2009 జనవరి 3న మొదటి బ్లాకు, అంటే లెక్క పుస్తకంలో మొదటి పేజీ, పడింది. ఖాతా పుస్తకం ఒక్క షావుకారు దగ్గర కాకుండా ఊరందరి ఇళ్లలోనూ అదే నకలు ఉన్నట్టు, లెక్క వేల కంప్యూటర్లలో ఉంటుంది. మీరు పంపాలనుకున్నప్పుడు మీ రహస్య కీతో సంతకం పెట్టిన సందేశం ఆ కంప్యూటర్లకు పోతుంది. మైనర్లు, అంటే తమ కంప్యూటర్లతో ఈ లెక్క రాసేవాళ్లు, అట్లాంటి సందేశాలను పోగుచేసి సగటున 10 నిమిషాలకొక బ్లాకు కడతారు. పాత బ్లాకులో ఒక్క అంకె మార్చాలన్నా దాని తర్వాత వచ్చిన బ్లాకులన్నిటి పనీ మళ్లీ చేయాలి, దానికి అయ్యే కరెంటూ యంత్రాలూ దాదాపు ఎవరివల్లా కావు. అందుకే ఆరు బ్లాకులు పడ్డాక లావాదేవీ ఖాయమైనట్టే లెక్క.

మైనరుకు బ్లాకుకు ఇచ్చే కొత్త నాణేలు మొదట్లో 50. ప్రతి 2,10,000 బ్లాకులకు సగమవుతూ 2024 ఏప్రిల్ నుంచి 3.125 అయ్యాయి. మొత్తం 2 కోట్ల 10 లక్షలు దాటవు. చెలామణిలో రూపాయలు ఎన్నుండాలో రిజర్వు బ్యాంకు అవసరాన్ని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. బిట్‌కాయిన్‌లో ఆ వెసులుబాటు లేదు, గిరాకీ మారినప్పుడల్లా భారమంతా ధర మీదే పడుతుంది. అది అంతగా ఊగడానికి ఇదొక పెద్ద కారణం.

మీ తమ్ముడు చెప్పే యూఎస్‌డీటీ బిట్‌కాయిన్ లాంటిది కాదు. టెథర్ అనే ప్రైవేటు కంపెనీ ఒక్కో టోకెన్‌ను ఒక డాలరుకు కట్టి ఇస్తుంది. దర్యాప్తు సంస్థలు అడిగితే ఒక అడ్రస్‌లోని (ఖాతా నంబరు లాంటిది) టోకెన్లను స్తంభింపజేసే అధికారం కూడా ఆ కంపెనీకుంది. అంటే బ్యాంకు బదులు ఇంకొక కంపెనీని నమ్ముతున్నారన్నమాట, ఆ కంపెనీ మీద ఫిర్యాదు చేయడానికి ఇక్కడ మీకు బ్యాంకులకున్నట్టు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తీర్చే అధికారి) లేడు.

పంపడంలో ఎక్కడ దెబ్బ తింటారో చెప్తాను. యూఎస్‌డీటీ ఎక్కువగా ట్రాన్ అనే నెట్‌వర్క్ మీద తిరుగుతుంది, అదీ బిట్‌కాయిన్‌దిలాంటి ఇంకో లెక్క పుస్తకం. దాని అడ్రస్ ఇంగ్లీషు టీ అక్షరంతో మొదలై మొత్తం 34 అక్షరాలుంటుంది. సొంత వాలెట్ (నాణేలు పంపడానికీ తీసుకోవడానికీ వాడే యాప్) నుంచి పంపేటప్పుడు ఫీజు యూఎస్‌డీటీలో కాదు, టీఆర్‌ఎక్స్ అనే ఇంకో నాణెంలో పోతుంది. వాలెట్‌లో వెయ్యి యూఎస్‌డీటీ ఉండి టీఆర్‌ఎక్స్ సున్నా ఉంటే మామూలు వాలెట్‌లో అది కదలదు, ఫోన్ చెడిపోయిందేమో అని జనం కంగారుపడేది ఇక్కడే. ఇంకో మోసం ఉంది: మీరు మామూలుగా పంపే అడ్రస్‌లాగే మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలిసే అడ్రస్ ఒకటి తయారుచేసి, దాన్నుంచి మీకు సున్నా మొత్తం పంపుతారు. తర్వాతి సారి మీరు హిస్టరీలోంచి కాపీ చేస్తే డబ్బు వాళ్లకు పోతుంది. హిస్టరీ నుంచి ఎప్పుడూ కాపీ చేయకండి, మధ్య అక్షరాలు కూడా చూడండి, ముందు 10 యూఎస్‌డీటీ పంపి చేరాకే మిగతాది పంపండి. తప్పు అడ్రస్‌కు పోయింది వెనక్కి రాదు.

వాలెట్ తెరిచినప్పుడు ఇచ్చే 12 పదాలే అసలు తాళం. నాణేలు ఫోన్‌లో ఉండవు, లెక్కలో ఉంటాయి. ఫోన్ పోయినా ఆ పదాలు అదే వరుసలో ఉంటే ఇంకో ఫోన్‌లో తెరుచుకోవచ్చు, అవి పోతే తెరిచేవాడు లోకంలో లేడు. కాగితం మీద రాసి దాచండి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకోవద్దు. క్రిప్టో ఎక్స్ఛేంజ్ (నాణేలు కొని అమ్మే సంస్థ) యాప్‌లో ఉంచితే తాళం వాళ్ల చేతిలో ఉంటుంది. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే భారతీయ క్రిప్టో ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగలు ఎత్తుకుపోయారు, డిపాజిట్ బీమా అక్కడ వర్తించదు.

అన్నిటికంటే పెద్ద గండం రూపాయలుగా మార్చేటప్పుడు. పీటూపీలో, అంటే యాప్ ద్వారా నేరుగా ఇంకో మనిషికి అమ్మే పద్ధతిలో, మీ టోకెన్లను యాప్ పట్టి ఉంచుతుంది, కొనేవాడు మీ ఖాతాకు డబ్బు వేస్తాడు, వచ్చిందని మీరు నొక్కితే టోకెన్లు విడుదలవుతాయి. ఆ కొనేవాడు వేసిన డబ్బు ఇంకెవరినో మోసం చేసి లాగింది కావచ్చు. మోసపోయిన మనిషి ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆ డబ్బు నడిచిన ఖాతాలన్నీ వరుసగా పట్టుకుంటారు. మీ ఖాతాలో ఆ మొత్తం, కొన్నిసార్లు ఖాతా మొత్తం ఆగిపోతుంది. కేసు ఏ గుజరాత్‌లోనో బెంగాల్‌లోనో ఉంటుంది, దాన్ని విడిపించుకోవడానికి ఆ స్టేషన్‌తో నెలల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడపాలి. ఎక్కువ రేటు ఊరికే రాదన్నా, బ్యాంకు దారిలో చూపించలేని డబ్బున్నవాళ్లు కూడా ఆ బేరంలో ఉంటారు. యాప్‌లో ఒక పేరు, డబ్బు వచ్చిన ఖాతాలో ఇంకో పేరు కనిపిస్తే టోకెన్లు వదలకండి. స్క్రీన్‌షాట్, ఎస్సెమ్మెస్ నమ్మకండి, బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి.

పన్ను సంగతి: క్రిప్టో లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. లక్షకు కొని 1,40,000కు అమ్మితే లాభం 40,000, పన్ను 12,480. ఇంకో నాణెంలో అదే 40,000 పోయినా దాన్ని ఇందులో తీసేసుకోనివ్వరు. అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ వేరుగా పట్టుకుంటారు, అది రిటర్నులో జమ అవుతుంది. మీ తమ్ముడు ఎంతకు కొన్నాడో కాగితం లేకపోతే లాభం ఎంతో తేల్చడమే తలనొప్పి.

మీ తమ్ముడికి తప్పక చెప్పాల్సింది ఇంకోటుంది. కువైట్‌లో క్యాపిటల్ మార్కెట్స్ అథారిటీ 2023 జులైలో క్రిప్టోతో చెల్లింపులు, పెట్టుబడులు, మైనింగ్ అన్నీ నిషేధించింది. రెసిడెన్సీ మీద బతుకుతున్న మనిషికి రూపాయో రెండో ఎక్కువ రేటు కోసం ఆ తంటా అక్కర్లేదు.

మనీ ఎక్స్ఛేంజ్ ద్వారా తన ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (విదేశాల్లో ఉండే భారతీయులకు ఇక్కడి బ్యాంకుల్లో ఇచ్చే ఖాతా) వేసుకోమనండి, రసీదులు దాచమనండి. అక్కడినుంచి మీకిస్తే సొంత తమ్ముడు ఇచ్చింది కాబట్టి మీకు పన్ను పడదు, రేపు స్థలం కొన్నా ఇంటి లోను పెట్టినా డబ్బు ఎక్కడిదంటే చూపడానికి కాగితం ఉంటుంది. ఇప్పటికే ఆయన దగ్గర కొంత యూఎస్‌డీటీ ఉంటే దాన్ని మీ పేరు మీద పీటూపీలో అమ్మించుకోవద్దు. ఎఫ్‌ఐయూలో (అనుమానాస్పద లావాదేవీల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) నమోదైన భారతీయ క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో తన సొంత కేవైసీతో ఖాతా తెరవడానికి ఆయనకు వీలుందేమో కనుక్కోమనండి, అమ్మేముందు కొన్న వివరాలు పట్టుకుని ఒకసారి ఆడిటర్‌ను కలవండి.