ఇద్దరికీ మెనింజైటిసే అన్నారు, మరి మందులు వేరుగా ఎందుకు?

మీ అక్కగారి పసిబిడ్డకూ, కీళ్లవాతానికి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న మీ బాబాయిగారికీ మెనింజైటిస్ అనే చెప్పి, మందులు మాత్రం వేరువేరుగా ఇస్తున్నారని, ఎక్కడో పొరపాటు జరిగిందేమోనని అడిగారు. ఒక బోధనాసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: మందులు వేరుగా ఉండడమే సరైన పద్ధతి. మెనింజైటిస్ అంటే మెదడు పొరలు వాచాయని మాత్రమే అర్థం. ఆ వాపు తెచ్చిన క్రిమి ఏదన్నది రోగి వయసును బట్టి, ఒంట్లోని రోగనిరోధక శక్తిని బట్టి మారిపోతుంది. కల్చర్ రిపోర్టు (శాంపిల్‌లోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష ఫలితం) రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అంతవరకు ఆగితే ప్రాణం మీదికి వస్తుంది కనుక, ఆ రోగికి ఏ క్రిమి సోకే అవకాశం ఎక్కువో అంచనా వేసి వైద్యులు వెంటనే ఇంజక్షన్లు మొదలుపెడతారు.

నెలలోపు శిశువుల విషయంలో పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకాలు గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాను ముందు చెబుతాయి. మన ఆసుపత్రుల్లో పరిస్థితి వేరు. ఢిల్లీ ఆసుపత్రుల్లో నవజాత శిశువుల మీద జరిగి, 2016లో వెలువడిన పెద్ద అధ్యయనంలో రక్తంలో ఎక్కువగా కనిపించినవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ. కోలై అనే బ్యాక్టీరియాలు. వీటిలో చాలా భాగం మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగనివి కావడం నిజంగా ఆందోళన కలిగించే విషయం. పైగా ఇంత చిన్నబిడ్డలో మెడ బిగుసుకోవడం తరచుగా కనిపించదు. పాలు తాగకపోవడం, మాడు ఉబ్బడం, ఒళ్లు చల్లబడడం వంటివే ఆనవాళ్లు.

కాస్త పెద్ద పిల్లల్లోనూ, ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లోనూ ప్రధాన కారణం న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా. ఒకప్పుడు పసిపిల్లలను విపరీతంగా బాధించిన హిబ్ బ్యాక్టీరియా, ఐదు జబ్బులను అడ్డుకునే పెంటావాలెంట్ టీకా వచ్చాక బాగా తగ్గింది.

ఇక మీ బాబాయిగారి సంగతి. యాభై దాటినవారు, గర్భిణులు, స్టెరాయిడ్లు వాడేవారు లిస్టీరియా అనే క్రిమికి సులువుగా చిక్కుతారు. ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలిగే క్రిమి ఇది. మెనింజైటిస్‌కు సాధారణంగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ దీని మీద పనిచేయదు కాబట్టే ఆయనకు అదనంగా యాంపిసిలిన్ కలిపి ఉంటారు. శాంపిల్‌కు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే గ్రామ్ స్టెయిన్ పరీక్షలో ఇది చిన్న నీలి కడ్డీల్లా, చర్మం మీద ఉండే హానిలేని డిఫ్తిరాయిడ్లు అనే బ్యాక్టీరియాలాగే కనిపిస్తుంది. రోగి స్టెరాయిడ్లు వాడుతున్నట్టు శాంపిల్‌తో వచ్చే కాగితంలో రాసి ఉంటే మేము రెండోసారి జాగ్రత్తగా చూసేవాళ్లం. ఆ ఒక్క ముక్క లేకపోతే దాన్ని బయటినుంచి కలిసిన క్రిమిగా పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది.

హెచ్ఐవీతో రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌ను వెతకాలి. వెన్నునుంచి తీసిన నీటిలో ఒక చుక్క ఇండియా ఇంక్ కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, నల్లని నేపథ్యంలో ఒక్కో ఫంగస్ కణం చుట్టూ తెల్లని వలయం మెరుస్తుంది. దీనికి యాంటీబయాటిక్‌లు ఎన్ని ఇచ్చినా ఫలితం ఉండదు, ఫంగస్‌ను చంపే మందులే కావాలి. తలనొప్పి, జ్వరం వారాల తరబడి మెల్లగా ముదిరితే మాత్రం మన దేశంలో ఏ వయసువారిలోనైనా క్షయను మరిచిపోకూడదు.

అందుచేత మీరు చేయగలిగిన మేలు ఒకటుంది. వాడుతున్న మాత్రలన్నీ, షుగర్, పాత ఆపరేషన్లు, ఇటీవల ఆసుపత్రిలో ఉన్న రోజులు, ముఖ్యంగా చేరకముందు మెడికల్ షాపులో కొని వేసుకున్న యాంటీబయాటిక్‌ల పేర్లు వైద్యులకు దాచకుండా చెప్పండి. ముందే మందు పడితే కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు. రిపోర్టు వచ్చాక దాన్ని బట్టి మందులు మారుస్తారా అని నిస్సంకోచంగా అడగండి. ఈ జబ్బు కొందరిలో చెవుడు మిగులుస్తుంది కనుక, బిడ్డకు వినికిడి పరీక్ష ఎప్పుడు చేస్తారో డిశ్చార్జికి ముందే తెలుసుకోండి.