కొత్త కోటు పొరలుగా లేస్తుంటే: అమ్మలుకి మామయ్య ఉత్తరం

చి.ల.సౌ. అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. మీ చెక్క నేలకి వేయించిన కొత్త కోటు, అదే పైన వేసే మెరుపు పూత, ఊడుతోందని అల్లుడు పంపిన ఫోటోలు పెద్దవి చేసి మరీ చూశాను. భోజనాల బల్ల కింద, కుర్చీ కాళ్లు జరిగే చోట ఆ తెల్లటి గీతలూ లేచిన పొరా చూడగానే ఎడిసన్ ఊళ్లో మా ఇంటి సంగతే గుర్తొచ్చింది. మాకూ అచ్చం ఇలాగే అయింది. కోటు వేయించిన రెండో వారంలో మీ అత్తయ్య గోటితో ఒక అంచు పట్టి లాగితే ఉల్లిపొరలా జానెడు పొడవున ఊడొచ్చింది. కింద పాత ఓక్ నేల ఏమీ ఎరగనట్టు నున్నగా మెరుస్తోంది.

ఆ నునుపులోనే ఉంది అసలు విషయం. మీరు చేయించింది చెక్క దాకా గీకే శాండింగ్ కాదు. పాత కోటును బఫర్ మిషన్‌తో పైపైన గరుకు చేసి, దుమ్మంతా తీసి, దాని మీద పాలియురేతేన్ అనే పారదర్శక పూత ఒక్క పొర వేశారు. అంటే కొత్త కోటు పట్టుకోవాల్సింది చెక్కను కాదు, పాత కోటును. గరుకు సరిగ్గా చేయకపోయినా, పాత కోటు మీద జిడ్డున్నా ఆ పట్టు దొరకదు.

మన ఇళ్లలో జిడ్డుకేం కొదవ చెప్పు. పూజ అలమర ముందు దీపపు కుందిలోంచి పడే నువ్వుల నూనె చుక్కలు, పోపు వేసినప్పుడు వంటింటి గుమ్మం దాకా పరుచుకునే నూనె ఆవిరి. వీటన్నిటినీ మించింది నేల తళతళలాడాలని వాడే పాలిష్ స్ప్రేలు. కొన్నింట్లో సిలికోన్, కొన్నింట్లో మైనం, కొన్నింట్లో యాక్రిలిక్ ఉంటాయి. మీ అత్తయ్య నాలుగేళ్లు పండగ పండగకీ అలాంటిదే పూసింది. మా కాంట్రాక్టర్‌కి ఆ మాట మేం చెప్పలేదు, అతనూ అడగలేదు. నువ్వు ఏమేం వాడావో గుర్తు చేసుకుని రాసిపెట్టు. ఇల్లు అమ్మినవాళ్లు అందుబాటులో ఉంటే వాళ్లనీ అడుగు. కిటికీ దగ్గర కోటు నిలవక గుండ్రంగా విడిపోయిన చిన్న చిన్న గుంటలున్నాయే, అవీ జిడ్డు లక్షణమే.

దుమ్ము నలకలు, వెంట్రుకలు, చారలు వేరే సంగతి. కింద పట్టు గట్టిగా ఉంటే మళ్లీ సన్నగా బఫింగ్ చేసి ఇంకో కోటు వేస్తే పోతాయి. వాటికోసం నేల మీద వంగి టార్చి వేసి వెతక్కు. నిలబడి మామూలు వెలుతురులో చూస్తే కనబడేదే లోపం కింద లెక్క.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మీ కాంట్రాక్టర్ ‘ఇంకో కోటు ఉచితంగా వేసేస్తాను’ అన్నాడట. ఒప్పుకోకు. ఊడుతున్న పొర మీద ఇంకో పొర వేస్తే రెండూ కలిసి ఊడతాయి. ముందు కారణం తేలాలి. బట్టల గది (క్లోజెట్) నేలకీ ఇదే పాత కోటు ఉంటుంది కదా, అక్కడా, నువ్వు పాలిష్ వాడిన చోట సోఫా కిందా జానెడేసి జాగాలు రెండేసి ఎంచమను. కొత్త పొర లేచిపోతున్న చోట దాన్ని పూర్తిగా తీయాలి. ప్రతిచోటా ఒక జాగాలో ఉత్త గరుకు చేసి, ఇంకోదాంట్లో ముందు జిడ్డు తీసే మందుతో కడిగి గరుకు చేసి, రెండింటి మీదా అదే కోటు వేయమను. బాగా ఆరాక నాణెం అంచుతో గీకి చూడండి. పొడిలా రాలితే పట్టుంది, పెచ్చులుగా లేస్తే లేదు. కడిగినా పట్టు రాకపోతే చెక్క దాకా శాండింగ్ చేయించడమే దారి. మీ నేల పలకలు ఫ్యాక్టరీలోనే కోటు వేసుకొచ్చిన రకమైతే, ఆ కోటులో తరచుగా అల్యూమినియం ఆక్సైడ్ అనే చాలా గట్టి పదార్థం ఉంటుంది, అలాంటిది మామూలుగా రుద్దితే గరుకెక్కదు. ఆ సంగతి అతన్ని సూటిగా అడుగు.

మాటలు ఫోన్లో ఎంతైనా మాట్లాడుకోండి, కానీ అదే రోజు మెయిల్ పెట్టండి. ఫోటోలు, తేదీలు, వాడిన కోటు పేరు, ఏ నంబరు గరుకు జాలీతో (శాండింగ్ స్క్రీన్) రుద్దాడు, ముందుగా పరీక్ష చేశాడా, అన్నీ అందులో ఉండాలి. చివరి విడత డబ్బు ఇంకా ఇవ్వలేదని అల్లుడు చెప్పాడు, మంచి పని. పరీక్ష తేలేదాకా ఆపి, ఎందుకు ఆపారో మెయిల్లోనే చెప్పండి. మన న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన ఇంటి పనికి కాగితం మీద ఒప్పందం ఉండాలి, కాంట్రాక్టర్ రాష్ట్ర కన్స్యూమర్ అఫైర్స్ విభాగంలో నమోదై ఉండాలి. ఆ రెండూ చూసుకోండి. మాట తెగకపోతే చెక్క నేలల సంఘం, అదే ఎన్‌డబ్ల్యూఎఫ్ఏ, సర్టిఫికెట్ ఇచ్చిన ఇన్‌స్పెక్టర్లు ఉంటారు, డబ్బు తీసుకుని నివేదిక రాసిస్తారు. 5,000 డాలర్ల లోపు తగాదాకి స్మాల్ క్లెయిమ్స్ కోర్టుంది. అంతదాకా పోదనే నా నమ్మకం.

మా విషయంలో అంతదాకా పోలేదు. మా కాంట్రాక్టర్ వచ్చాడు, ఊడిన పొర చేతిలో పెట్టాను, స్ప్రే సంగతి మీ అత్తయ్యే చెప్పింది. అతను కాసేపు నేల చూస్తూ కూర్చుని, అడగకపోవడం తన పొరపాటేనన్నాడు. రెండు గదుల శాండింగ్‌కి కూలి అతను వదిలేశాడు, సామాను ఖర్చు మేం పెట్టుకున్నాం. అందుకే చెప్తున్నా, నీవైపు తప్పేదైనా ఉంటే దాచకు.

మళ్లీ కోటు వేశాక తొందరపడొద్దు. నీటి ఆధారంగా తయారైన రకమైతే ఒకరోజు ఆగి మేజోళ్లతో నడవచ్చు, సామాన్లు మూడు నాలుగు రోజులయ్యాక ఎత్తి పెట్టాలి, ఈడ్చకూడదు. తివాచీలు రెండు వారాల దాకా వద్దు. నూనె రకమైతే తివాచీలకు నెల రోజులు ఆగు. కుందుల కింద ఇత్తడి పళ్లెం పెట్టుకో.

ఆదివారం పొద్దున్నే వస్తాను. అప్పటిదాకా ఆ లేచిన పొర పిల్లలు గిల్లకుండా పైన ఒక దుప్పటి పరిచి ఉంచు.

మామయ్య