దాన్ని ‘గాలి కొట్టే పని’ అనకండి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాను. మా అబ్బాయి విజయవాడలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. లెక్చరర్ ఒక స్పిన్నింగ్ మిల్లుకు తీసుకెళ్లి గాలిని నొక్కిపెట్టే యంత్రాలు, అంటే కంప్రెసర్లు చూపించినప్పటి నుంచి ప్రాజెక్టు వాటి మీదే చేస్తానంటున్నాడు. బంధువుల పిల్లలంతా ఏఐ కోర్సుల్లో చేరుతున్నారు. ఈ గాలి కొట్టే పనికి భవిష్యత్తు ఉందా? రెండింటిలో ఏది మేలు?

జవాబు: పెళ్లిళ్లలో ‘మీవాడు ఏం చేస్తున్నాడు’ అని అడిగితే ఏం చెప్పాలన్నదే మీ అసలు బెంగ. ఏటా ఎందరో తండ్రులు ఇదే బెంగతో నా దగ్గరకు వస్తారు. ముందు ఆ ‘గాలి కొట్టే పని’ అన్న మాట అబ్బాయి ఎదుట అని ఉంటే, వెనక్కి తీసుకోండి. మీరు విజయవాడ వెళ్లే బస్సుకు బ్రేకు పడేది కూడా నొక్కిపెట్టిన గాలితోనే.

యార్డులో బస్తా బస్తాకూ తరుగు చూసే మనిషి మీరు. మిల్లులో ఈ తరుగు కంటికి కనిపించదు. గాలిని 7 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడికి నొక్కడానికి వాడే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. చివరికి పనికొచ్చేది పదో వంతు, కాస్త అటూ ఇటూ. అలా నొక్కిన గాలి కూడా కారుతుంది. నిర్వహణ సరిగా లేని చోట్ల 20 నుంచి 30 శాతం గొట్టాల అతుకుల దగ్గరే బుస్సుమంటూ పోతుంది. 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి సుమారు 3 కిలోవాట్లు తింటుంది. రాత్రింబవళ్లు నడిచే మిల్లులో అది ఏడాదికి 26 వేల యూనిట్లు. నూనె కారితే నేల మీద మరక పడుతుంది, ఎవరో ఒకరు కేకలేస్తారు. గాలి కారితే ఒత్తిడి చాలడం లేదని ఇంకో బార్ పెంచుతారు. దాంతో కరెంటు మరో 6, 7 శాతం పెరుగుతుంది, కారడమూ పెరుగుతుంది. తోటి పిల్లలు సమీకరణంగా బట్టీపట్టిన దాన్ని మీ అబ్బాయి చెవులారా విన్నాడు. అలాంటి లెక్చరర్ దొరకడం అదృష్టం.

ఏఐ గొప్ప శాస్త్రమే. ఆ పేరుతో మూడు నెలల్లో అమ్మే కోర్సుల మీదే నాకు నమ్మకం లేదు. ఎవరో రాసిన ప్రోగ్రామును నడిపించి సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలు నా ఎదుట కూర్చుంటారు. ‘ఫలితం ఎందుకు తప్పింది’ అని అడిగితే తల దించుకుంటారు. గణితం మీద ప్రేమతో ఏళ్ల తరబడి కూర్చునేవాడికి ఆ దారి మంచిదే. మీవాడికి ఆ ప్రేమ ఉందని మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. ‘బంధువుల పిల్లలు’ అని మాత్రం ఉంది. ఇది మీ తప్పు, వాడిది కాదు.

కంప్రెసర్ల దారిలో మొదటి జీతం చిన్నది. షిఫ్టులుంటాయి, ఊరు వదలాల్సి రావచ్చు. కానీ 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద కరెంటు ఎక్కువగా వాడే పెద్ద మిల్లులకు కరెంటు, ఇంధనం వాడకాన్ని చూసుకునే ఎనర్జీ మేనేజర్లు, దాన్ని తనిఖీ చేసే ఆడిటర్లు కావాలి. మూడేళ్ల అనుభవం వచ్చాక ఆ ఉద్యోగాలకు అర్హత పరీక్ష రాయవచ్చు. ఖాళీ వేళల్లో ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకోనివ్వండి, సెన్సర్ల లెక్కలకు పనికొస్తుంది. భయపడకండి, వాడు దారి తప్పలేదు.

మిల్లుకు సెలవున్న రోజు అనుమతి తీసుకుని, మీరూ వాడి వెంట వెళ్లండి. యంత్రాలన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడిపించమనండి. అది 2 నిమిషాలు గాలి నింపి, 6 నిమిషాలు ఊరుకుని, మళ్లీ నింపుతుంటే 8లో 2, అంటే కంప్రెసర్ నింపగల గాలిలో 25 శాతం కారిపోతున్నట్టు. గడియారం వాడు చూస్తాడు. తరుగు లెక్క మీరు కట్టండి.