ఫ్రెంచ్ ఓపెన్‌లో నాదల్‌కు 14, సంప్రాస్‌కు సున్నా: తేడా ఎక్కడుంది?

అమెరికా టెన్నిస్ ఆటగాడు పీట్ సంప్రాస్ కెరీర్ మొత్తంలో గెలిచిన గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు 14. స్పెయిన్‌వాడు రఫెల్ నాదల్ ఒక్క పారిస్‌లోనే, అంటే ఫ్రెంచ్ ఓపెన్‌లోనే, అన్ని గెలిచాడు. "అంతటి సంప్రాస్ అక్కడ 1996 సెమీస్ ఎందుకు దాటలేదు?" అన్నది ప్రశ్న. సగం జవాబు నేలలోనే ఉంది.

ఎర్రమట్టి (క్లే) అంటాం గానీ, ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్‌లో పైన ఉండేది ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇటుక పొడి, అంతే. కింద దంచిన తెల్ల సున్నపురాయి, ఆ కింద బొగ్గు చిట్టెం, కంకర, అట్టడుగున రాళ్లు. సున్నపురాయి తేమను పట్టి ఉంచితేనే పైపొడి నిలుస్తుంది. ఎండిపోయిందా, ఆ పైపొడి గాలికి లేచిపోతుంది, కోర్టు గట్టిపడి బంతి జోరు పెరుగుతుంది. అందుకే మ్యాచ్‌కు ముందు నీళ్లు చల్లుతారు, సెట్ల మధ్య వల ఈడ్చి పొడి సర్దుతారు.

ఈ గరుకు మీద బంతి వేగం చచ్చి, పైకి లేస్తుంది. గడ్డి మీద సర్వ్‌తోనే అయిపోయే పాయింటు ఇక్కడ తిరిగొస్తుంది. సర్వ్ చేసి నెట్ దగ్గరికి దూకే సంప్రాస్ పక్కనుంచి బంతి దాటించడానికి అవతలివాడికి కావలసినంత టైమ్. నాదల్‌కు ఇదే వరం. అతని ఎడమచేతి టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిర్రున తిరిగేలా కొట్టే షాట్) కుడిచేతివాడి బ్యాక్‌హ్యాండ్ దగ్గర, అంటే ఎడమవైపు, భుజం ఎత్తుకు లేచేది. ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ కొట్టే ఫెదరర్ అక్కడ నాదల్‌తో ఆరుసార్లు ఆడి ఆరూ ఓడాడు. ఫెదరర్ అక్కడ గెలిచింది 2009లో, నాదల్‌ను స్వీడన్ ఆటగాడు సోడర్లింగ్ ముందే ఇంటికి పంపిన ఏడాది.

చలిలో, తేమలో బంతి బరువెక్కి అంత ఎత్తు లేవదు, నాదల్‌కు కష్టమే అనేవారు. కానీ 2020 అక్టోబరు చలిలో, రూఫ్ మూసి ఆడిన ఫైనల్లో జొకోవిచ్‌ను 6-0, 6-2, 7-5తో ఓడించాడు. అంటే నేల ఒక్కటే కాదు, కాళ్లు కూడా.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి కాళ్లు చూడండి. క్లే మీద పెరిగినవాడు జారుతూ వచ్చి, జారుడు ఆగే వేళకి షాట్ కొడతాడు. అలవాటు లేనివాడు కొట్టాక జారతాడు. ఆ జారుడు అతన్ని కోర్టు బయటికి లాక్కెళ్తుంది, వెనక్కి రావడానికి ఒకటి రెండు అడుగులు ఎక్కువ. ఆలోపు తర్వాతి బంతి ఖాళీ మూలలో పడి ఉంటుంది.