వేల్స్ తీరాన రాసుకోవడానికో చోటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో బ్రిటన్‌లోని వేల్స్ పల్లెతీరాల గురించి నేను రాసిన చిన్న వ్యాసం చూసి చాలామంది చెన్నై పాఠకులు ఉత్తరాలు రాశారు. విశ్రాంతికీ, రాతకూ, బొమ్మలు వేసుకోవడానికీ అక్కడ ఏ ఊరు మంచిదని ఎక్కువమంది అడిగారు. అక్కడి తీరం వెంట 2012లో తెరిచిన నడకదారి పొడవే 1,400 కిలోమీటర్లు కాబట్టి, అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పినట్టు ఉండదు. నాకు బాగా తెలిసిన నాలుగైదు చోట్ల గురించి మాత్రమే, కొంత పక్షపాతంతోనే, జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. సగంలో ఆగిపోయిన నవల ఒకటి నా దగ్గర ఉంది. మా అమ్మాయి కార్డిఫ్‌లో ఉంటోంది. వచ్చే మే నెలలో తన దగ్గరికి వెళ్ళినప్పుడు, పది రోజులు సముద్రపు ఒడ్డున ఏదైనా పల్లెలో ఒంటరిగా ఉండి రాసుకోవాలని ఉంది. నాకు కారు నడపడం రాదు. ఎక్కడికి వెళ్ళమంటారు? (ఒక పాఠకురాలు, మడిపాక్కం)

జవాబు: అబెర్‌డారన్ వెళ్ళండమ్మా. వేల్స్ వాయవ్య మూలన సముద్రంలోకి చాచిన చేయిలాంటి లీన్ ద్వీపకల్పం కొసన ఉన్న పల్లె అది. ఒక రాతి వంతెన, కొన్ని తెల్లటి ఇళ్ళు, ఒకటి రెండు హోటళ్ళు, వాటి ముందు వంపు తిరిగిన ఇసుక ఒడ్డు, దాదాపుగా ఊరంతా అదే. సెయింట్ హవిన్ పేరిట ఉన్న పాత చర్చి సరిగ్గా ఒడ్డు మీదే ఉంటుంది. దాని సమాధుల ఆవరణకూ ఇసుకకూ మధ్య ఒక గోడే అడ్డం. ఆర్. ఎస్. థామస్ అనే కవి 1967 నుంచి 1978 దాకా ఈ ఊరి చర్చిలో మతాచార్యులుగా పనిచేశారు. ఆయన ఇంగ్లీషులో కవిత్వం రాసేవారు. వేల్స్ సొంత భాష అయిన వెల్ష్‌ను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నారు. తీరిక దొరికితే పక్షులను చూస్తూ తిరిగేవారు. చర్చిలో బల్ల మీద కూర్చుంటే అలల చప్పుడు తప్ప మరేమీ వినబడని మధ్యాహ్నాలు నాకు అక్కడ దొరికాయి. మెరీనాలో అలల చప్పుడు వినాలంటే సుండల్ అమ్మేవాళ్ళ కేకలు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా!

ఆ ఊరు యాత్రికుల దారిలో చివరి మజిలీ. ఎదురుగా, సముద్రంలో మూడు కిలోమీటర్ల అవతల, ఎన్‌హ్లీ అనే చిన్న ద్వీపం ఉంది. ఇంగ్లీషువారు దానిని బార్డ్‌సీ అంటారు. 20,000 మంది సాధువులు అక్కడి మట్టిలో ఉన్నారని ప్రతీతి. మధ్యయుగాల్లో ఆ ద్వీపానికి మూడుసార్లు వెళ్ళివస్తే ఒకసారి రోముకు వెళ్ళినంత పుణ్యమని లెక్క కట్టారు. పడవ కోసం ఎదురుచూసే యాత్రికులు ఆగిన ఇల్లు ఊరి నడుమ ఇప్పటికీ ఉంది. దాని వెల్ష్ పేరుకు ‘పెద్ద వంటిల్లు’ అని అర్థం. మన సత్రాల వంటిదన్నమాట. ఇప్పుడది టీ దుకాణం. కిటికీ పక్కన కూర్చొని ఒక కెటిల్ టీతో గంటన్నర రాసుకున్నా లేవమని నన్ను ఎవరూ అనలేదు.

ద్వీపానికి పడవ వాతావరణం బాగుంటేనే నడుస్తుంది. ఈ రోజే వెళ్ళాలని పట్టు పట్టకుండా రెండు మూడు రోజులు వదులుగా ఉంచుకోండి. 2023లో ఆ ద్వీపానికి చీకటి ఆకాశపు అభయారణ్యంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఐరోపాలో అదే మొదటిది. అయితే మే నెలలో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గుంకదు కాబట్టి, నక్షత్రాల కోసం బాగా మేలుకోవలసి ఉంటుంది.

కారు లేకపోవడం అసలు లోటే కాదు, ఎందుకంటే ఈ ప్రయాణంలో రైలే సగం ఆనందం. కార్డిఫ్ నుంచి ష్రూస్‌బరీ వెళ్ళి, అక్కడ పుల్‌హెలి దారి పట్టండి. రోజులో ఎక్కువ భాగం రైల్లోనే గడుస్తుంది. తీరం మొదలయ్యాక ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. 1867 నాటి చెక్క వంతెన మీద నది మొగను దాటి బార్మౌత్ చేరేటప్పుడు రైలు నెమ్మదిస్తుంది. కింద పోటు లేని వేళ అయితే తడి ఇసుక మీద నీటి పాయలు జడలల్లినట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత హార్లెక్ కోట వస్తుంది. పుల్‌హెలిలో రైలు ఆగిపోతుంది. అక్కడి నుంచి బస్సు. ఆదివారం బస్సు ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. నేను చూసుకోక, ఒక ఆదివారం మధ్యాహ్నం స్టేషన్ బయట సూట్‌కేసు మీద కూర్చొని, చివరికి వారం రోజుల తిండికని దాచుకున్న డబ్బంతా టాక్సీ అతని చేతిలో పెట్టాను.

దారి పొడుగునా రోడ్డు మీద పెద్ద తెల్లటి అక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది. దానిని ‘అరవ్’ అని పలకాలి. అరవదేశంలో ఇన్నేళ్ళున్న నాకు మొదటిసారి విన్నప్పుడు నవ్వు ఆగలేదు. ‘మెల్లగా’ అని దాని అర్థం. మీ నవలకు కూడా అదే చెప్పండి.

ప్రశ్న: నేను నీటిరంగులతో సముద్రాన్ని చిత్రిస్తాను. ఇక్కడి వెలుగుకు అలవాటు పడిన చేతికి వేల్స్‌లో ఏ తీరం కొత్తగా ఉంటుంది? (ఒక పాఠకుడు, ఇంజంబాక్కం)

జవాబు: పెంబ్రోక్‌షైర్ ఉత్తర తీరం. అక్కడి తీరమే 1952లో జాతీయ ఉద్యానవనమైంది. గ్రాహం సదర్లాండ్ అనే చిత్రకారుడు 1934లో మొదటిసారి అక్కడికి వెళ్ళి, ఆ రాళ్ళూ, వంగిన చెట్ల వేళ్ళూ, ఇరుకు దారులూ చూశాక తన దారినే మార్చుకున్నారు. మీరు ఉండడానికి సెయింట్ డేవిడ్స్ సరిపోతుంది. రెండు వేల జనాభా కూడా లేని ఆ ఊరు, కేథడ్రల్ ఉన్నందువల్ల, నగరం అనే హోదా పొందింది! 1181లో మొదలైన ఆ కేథడ్రల్‌ను పల్లంలో కట్టడంతో ఊళ్ళోకి వచ్చినా వెంటనే కనబడదు. మెట్ల దగ్గర నిలబడితే గోపురం కళ్ళకు సమంగా ఉంటుంది. దాని రాయి ఊదారంగు ఇసుకరాయి. ఎండలో గులాబీ వైపు, వానలో వంకాయ వైపు జరిగే ఆ రంగును పెట్టెలోని ఏ ఒక్క రంగుతోనూ పట్టలేమని నాతో వచ్చిన చిత్రకారిణి విసుక్కొంది.

అక్కడి నుంచి పోర్త్‌గైన్ అనే చిన్న రేవుకు వెళ్ళండి. కొండ నుంచి తెచ్చిన రాయిని పిండి కొట్టి, సైజుల వారీగా నింపిన ఎర్ర ఇటుకల తొట్లు రేవు మీద కోటగోడలా ఇంకా నిలిచే ఉన్నాయి. 1931లో ఆ పని ఆగిపోయింది. తుప్పు, ఇటుక, ఆకుపచ్చ నీరు ఒకే చట్రంలో దొరికే చోటు అది. పక్క ఊరు అబెర్‌ఐడీలో పాత పలకరాతి గనిలోకి సముద్రాన్ని వదిలినందువల్ల ఏర్పడిన నీలి మడుగు అందమైనదే గానీ, వేసవి సెలవుల్లో అందులోకి దూకేవాళ్ళ కేకలకు కుంచె నిలవదు.

మే చివర్లో కొండచరియల మీద గులాబీ రంగు పూల గుబుర్లు, పసుపు ముళ్ళపొదలు ఒకేసారి పూస్తాయి. గాలిలో తేమ మాత్రం ఎక్కువ. ఇంజంబాక్కంలో రెండు నిమిషాల్లో ఆరే పూత అక్కడ అరగంటకు కూడా ఆరదు. తడి మీద తడి వేయడం ఇష్టమైతే మీకు పండగే. ఒక రోజు స్కోమర్ ద్వీపానికి కేటాయించండి. ఏప్రిల్ నుంచి జులై చివరి దాకా పఫిన్ పక్షులు అక్కడ బొరియల్లో పిల్లలను పెంచుతాయి. నారింజ కాళ్ళతో, ముక్కుకు అడ్డంగా అరడజను చిన్న చేపలు వేలాడుతుండగా, మన బూట్ల ముందు నుంచే దారి దాటి పోతాయి. దారి తప్పి అడుగు వేస్తే బొరియ కూలిపోతుంది కాబట్టి, బొమ్మ కోసం కూడా గీత దాటకూడదు.

ప్రశ్న: వెల్ష్ కవిత్వంలో మన యతిప్రాసల వంటి నియమాలు ఉన్నాయని రాశారు. పద్యం రాసేవాడిగా ఆ వాతావరణంలో కొన్నాళ్ళు గడపాలంటే తీరంలో తగిన చోటు ఉందా? (ఒక పాఠకుడు, మైలాపూర్)

జవాబు: ఉంది. లీన్ ద్వీపకల్పం మొదట్లో, క్రికియెత్ అనే తీరపట్టణానికి దగ్గరగా, హ్లానస్టిమ్‌డుయ్ అనే పల్లెలో టీ నెవిద్ అనే పాత ఇల్లు ఉంది. బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన లాయడ్ జార్జ్ 1945లో కన్నుమూసింది ఆ ఇంట్లోనే. 1990 నుంచి అది రచయితల శిక్షణ కేంద్రం. ఇంగ్లీషులోనూ వెల్ష్‌లోనూ అక్కడే ఉండి నేర్చుకునే తరగతులు నడుపుతారు. తోట నుంచి చూస్తే పొలాల అవతల సముద్రం కనిపిస్తుంది.

ఇక ఛందస్సు మాట. ‘కంగ్‌హానెద్’ అని వారు పిలిచే పద్ధతిలోని ఒక రకంలో, పాదం మొదటి సగంలోని హల్లులు రెండో సగంలో అదే వరుసలో తిరిగి రావాలి. ‘టేగ్ ఎడ్రిఖ్ టియాగ్ అడ్రెవ్’ అని వారికొక నానుడి ఉంది. ఇంటి వైపు చూడడం ఎంత హాయి అని దాని భావం. ట, గ, డ, ర అనే హల్లులు రెండు సగాల్లోనూ ఎలా వరుస కట్టాయో పైకి చదివి చూడండి. మనకు పాదానికొక ప్రాసాక్షరం, ఒక యతిస్థానం కుదిరితే చాలు. వారికి పాదమంతా కాపలాయే. ‘ఎంగ్లిన్’ అనే పద్యం నాలుగు పాదాలు, ముప్ఫై అక్షరాలు: పది, ఆరు, ఏడు, ఏడు. కందం రాసిన చేతికి ఆ ఇరుకు కొత్త కాదు. ఆగస్టు మొదట్లో ఏటా ఒక్కో ఊళ్ళో జరిగే జాతీయ ఐస్టెద్‌వోద్ ఉత్సవంలో, ఈ నియమాలతో రాసిన దీర్ఘకవితకు బహుమతిగా ఇచ్చేది ఒక కుర్చీ. కవులు మారుపేర్లతో పోటీకి పంపుతారు. వేదిక మీద గెలిచిన మారుపేరు పిలిచినప్పుడు, వేల మంది మధ్య ఎక్కడో ఒకరు లేచి నిలబడతారు. అంతవరకు ఆ కవి ఎవరో పక్కన కూర్చున్నవారికి కూడా తెలియదు. పృచ్ఛకుల ముందు కూర్చునే మన అవధానికి ఇంత నాటకీయత లేదని ఒప్పుకోవాలి.

పారీస్ కార్నర్‌లో తిరిగే మనవాళ్ళకు ఈ భాషతో చుట్టరికం లేదనుకోకండి. ఆ మూలకు పేరిచ్చిన థామస్ పారీ 1788లో మద్రాసులో దిగిన వేల్స్ వర్తకుడే.

ప్రశ్న: వేల్స్ కవి డిలన్ థామస్ రాసుకున్న ఊరు చూడదగినదేనా? అక్కడే బస చేయవచ్చా? (ఒక పాఠకురాలు, అన్నానగర్)

జవాబు: చూడదగినదే, బసకు మాత్రం నేను ఒక రాత్రికి మించి చెప్పను. లార్న్ అనే ఆ ఊళ్ళో, టాఫ్ నది మొగ మీద, ఆయన 1949 నుంచి 1953లో చనిపోయే దాకా కాపురమున్న పడవల ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. దానికి కొంచెం పైన, కొండ అంచున, ఒకప్పుడు కారు పెట్టుకోవడానికి కట్టిన చెక్కగది ఉంది. అదే ఆయన రాత గది. అద్దంలోంచి చూస్తే బల్ల, కుర్చీ, నేల మీద నలిపి పారేసిన కాగితాలు కనిపిస్తాయి. ఆ కాగితాలు అలంకారానికి పెట్టినవని తెలిసినా, రాసేవాళ్ళెవరికైనా చూపు మొదట వాటి మీదకే పోతుంది. నా మట్టుకు నాకు గదికన్నా గది కిటికీ వైపు ఉన్న దృశ్యం ముఖ్యం: నీరు వెనక్కి పోయినప్పుడు మైళ్ళ కొద్దీ బురద, దాని మీద కొంగలు. పులికాట్ దగ్గర పెరిగినవారికి అది పుట్టిల్లులా ఉంటుంది. ఆయన సమాధి ఊరి చర్చి ఆవరణలో ఉంది. తెల్లటి చెక్క శిలువ, అంతే.

ప్రశ్న: గోవర్ ద్వీపకల్పంలోని వర్మ్స్ హెడ్ అనే రాతికొస మీద ఒంటరిగా కూర్చొని రాసుకోవచ్చునా? (ఒక విద్యార్థి, తాంబరం)

జవాబు: కూర్చోవచ్చు, గడియారం చూసుకుంటూ. రోసిలీ ఒడ్డు నుంచి ఆ రాతికొసకు పోయే దారి సముద్రపు నీరు బాగా తగ్గిన వేళకు ముందు రెండున్నర గంటలు, తర్వాత రెండున్నర గంటలు మాత్రమే తేలి ఉంటుంది. చెన్నైలో ఆటుకూ పోటుకూ తేడా దాదాపు మీటరు. ఆ తీరంలో అది ఎనిమిది మీటర్లు దాటుతుంది. నీరు మెల్లగా వస్తున్నట్టే ఉండి మడమ తిప్పేలోగా దారి మూసేస్తుంది. డిలన్ థామస్ కూడా కుర్రతనంలో అక్కడ నిద్రపోయి చిక్కుకుపోయారు. ఊళ్ళో బోర్డు మీద ఆ రోజు వేళలు రాసి పెడతారు. అవి నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకొని వెళ్ళండి. ఈదుకుంటూ రావచ్చులే అనుకోకండి.

ప్రశ్న: శాకాహారులం. తిండికి ఇబ్బంది అవుతుందా? (ఒక దంపతులు, పెరంబూర్)

జవాబు: పెద్ద ఇబ్బంది లేదు, కాస్త అడిగి తినాలి. ‘కౌల్’ అనే పులుసు చాలా చోట్ల గొర్రె మాంసంతో ఉంటుంది. ‘బారా లవర్’ రొట్టె అని పేరు చూసి మోసపోకండి. అది సముద్రపు నాచును గంటల తరబడి ఉడికించిన ముద్ద. నాచు శాకమే గానీ, పంది మాంసపు కొవ్వులో వేయించడం వాడుక. ‘బారా బ్రిత్’ అనే ఎండుద్రాక్షల టీ రొట్టెలో సాధారణంగా గుడ్డు ఉంటుంది. కనుక వంటగది ఉన్న బస తీసుకోండి. కందిపొడి, చింతపండు, ఊరగాయ బాగా మూసిన సీసాల్లో పట్టుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలను భారతదేశం నుంచి అక్కడికి తీసుకుపోనివ్వరు. నెయ్యి కార్డిఫ్‌లోనో స్వాన్సీలోనో కొనుక్కొని పల్లెకు బయలుదేరండి.