మే నెల బిల్లు చూశాకే కిటికీల మాట

తెనాలి

చి. ల. సౌ. సుధకు మామయ్య ఆశీర్వదించి రాసేది.

మీ ఇంటి కిటికీలు మార్పించాలని నువ్వు పంపిన కొటేషను రెండుసార్లు చదివాను. పదకొండు కిటికీలు, అన్నీ నాలుగడుగుల చదరాలు, రెండు పొరల అద్దం (డబుల్ గ్లాసు), యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ చట్రం, చదరపు అడుగు 1,350 చొప్పున మొత్తం 2,37,600 రూపాయలు. "కరెంటు బిల్లు 30 శాతం తగ్గుతుంది, పెట్టిన డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది" అని ఆ కిటికీలవాడు అన్నాడని రాశావు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు తల్లీ.

ముందు మీ బిల్లులే చూద్దాం. నవంబరులో 180 యూనిట్లు, మే నెలలో 410. ఆ 230 యూనిట్ల తేడా దాదాపుగా ఏసీలదే. మన రాష్ట్రంలో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కి 6 రూపాయలు, అక్కణ్ణుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. సర్దుబాటు చార్జీలు పక్కన పెడితే ఆ తేడా నెలకు 1,900. వేసవి నాలుగు నెలలకు 7,600. అంటే ఏసీల స్విచ్చే ముట్టుకోకపోయినా ఆ సొమ్ము వెనక్కి రావడానికి 31 ఏళ్లు పడుతుంది. అద్దం మార్చినంత మాత్రాన ఏసీ ఖర్చంతా ఆగదు కదా!

అద్దం ఎంత ఆపుతుందో కూడా లెక్కేశాను. ఒక పడగ్గదిలో రెండు కిటికీలంటే మూడు చదరపు మీటర్ల అద్దం. ఒంటి అద్దం స్థానంలో రెండు పొరలు పెడితే, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 3 వాట్ల వేడి తక్కువ వస్తుంది. పది డిగ్రీల తేడా ఉందనుకుంటే 90 వాట్లు. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ తాగే కరెంటు పాతిక వాట్లు. రోజుకు ఎనిమిది గంటలు, 120 రోజులు వేసినా 24 యూనిట్లు. రెండు వందల పది రూపాయలు. మూడు గదులకూ కలిపి ఏడాదికి 630.

ఆ 30 శాతం మాట చలిదేశాల లెక్కల నుంచి వచ్చి ఉంటుంది. ఇంటిని వెచ్చబెట్టడానికీ చల్లబరచడానికీ వాడే ఇంధనంలో 25 నుంచి 30 శాతం కిటికీల గుండా వచ్చిపోయే వేడి వల్లే ఖర్చవుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అది కిటికీల వల్ల అయ్యే మొత్తం ఖర్చు, మార్చితే మిగిలే సొమ్ము కాదు. పైగా న్యూజెర్సీలో జనవరిలో బయట మైనస్ 5, లోపల 21 ఉంటే తేడా 26 డిగ్రీలు, అదీ రాత్రింబవళ్లు. విజయవాడలో మే మధ్యాహ్నం బయట 42, లోపల 26. నువ్వు ఏసీ ఎక్కువగా వేసే రాత్రిపూట బయట 30కి దిగిపోతుంది. వాళ్లకు పనికొచ్చిన వస్తువు మనకూ అంతే పనికొస్తుందని అనుకోకు.

మన శత్రువు ఎండ, అందులోనూ పడమటెండ. మీ వెనక గదిలో ఏప్రిల్ సాయంత్రం నాలుగింటికి మంచం మీద చెయ్యి పెట్టి చూశావా? దుప్పటి సెగలు కక్కుతుంది. ఆ నాలుగడుగుల అద్దం గుండా అప్పుడు అర కిలోవాటు వేడి లోపలికి వస్తుంది. మామూలు తెల్ల అద్దం రెండు పొరలు పెట్టినా ఆ ఎండలో ముప్పాతిక వంతు వచ్చేస్తుంది. లోపల పరదా వేస్తే వెలుతురు ఆగుతుందే కానీ, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. బయటే ఆపాలి. పడమటి కిటికీలు మూడింటికీ సన్‌షేడు రెండడుగులు ముందుకు పెంచి, దాని అంచు నుంచి వెదురు చాప కిందికి వేలాడదీయి. మధ్యాహ్నం మూడింటికి దించు, పొద్దు గుంకాక చుట్టెయ్యి. వట్టివేళ్ల తడకైతే నీళ్లు చల్లినప్పుడు ఇంకా హాయి. మీది ఒకే అంతస్తు డాబా కాబట్టి పైన తెల్ల సున్నం కూడా కొట్టించు. రాత్రి పదింటికి ఫ్యాను వేడిగాలి కొట్టేది కిటికీల వల్ల కాదు, పగలంతా కాగిన శ్లాబు వల్ల.

2019లో నేనూ ముందువెనకలు చూడకుండా తూర్పు గదికి స్లైడింగు కిటికీలు పెట్టించాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ స్లైడింగు ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. అంతకుముందు సాయంత్రమైతే పైరగాలికి క్యాలెండరు గోడ మీద టపటపా కొట్టుకునేది. ఆ ఏడాది అది కదల్లేదు. గాలి లేక ఏసీ ఇంకో గంట ముందే వేయాల్సొచ్చింది. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ పాత రెక్కలను తలుచుకుని బాధపడుతుంది.

మీ నాన్న 1984లో ఆ ఇల్లు కట్టించేటప్పుడు కిటికీల టేకు దగ్గరుండి ఏరించాడు. నలభై ఏళ్లు దాటినా, వంటింటిది తప్ప చట్రాలన్నీ చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. పాడయింది రెక్కల అమరికే. ఒక పరీక్ష చెప్తాను. ఏసీ, ఫ్యాను రెండూ ఆపి, తలుపులన్నీ మూసి, వెలిగించిన అగరొత్తిని రెక్క అంచు వెంబడి నెమ్మదిగా జరుపు. పొగ నిటారుగా లేస్తే సరే. పక్కకు లాగినచోట సుద్దముక్కతో గీత పెట్టు. అద్దం చుట్టూ లప్పం రాలినచోట కూడా అలాగే చూడు. నా అంచనా, ఒక్కో కిటికీకి రెండు మూడు గీతలు పడతాయి. బందులు బిగించి, రెక్కల అంచు చిత్రిక పట్టి, రబ్బరు బీడింగు అంటించి, కొత్త లప్పం పెడితే సరిపోతుంది. మా మిగతా కిటికీలు ఆరింటికి వడ్రంగి కూలీ, సామానూ కలిపి పదివేల లోపే అయింది.

అలాగని ఒక్కటీ మార్చవద్దని కాదు. వంటింటి కిటికీ చట్రం అడుగున చెద పట్టింది, నేనే చూశాను. అది తీసెయ్యి. ముందు గదిలో ఏలూరు రోడ్డు మోతకు పిల్ల చదువుకోలేకపోతోందన్నావు. ఆ రెండింటికీ మంచి కిటికీలు పెట్టించు. ఆ డబ్బు నిద్రకూ చదువుకూ పెడుతున్నావు, కరెంటు కోసం కాదు. కాబట్టి వెనక్కి వస్తుందా లేదా అని చూడనక్కర్లేదు. కాకపోతే స్లైడింగు వద్దు, పూర్తిగా తెరుచుకునే రెక్కలే అడుగు. మోత ఆగాలంటే లామినేటెడ్ అద్దం అడుగు. చట్రం లోపల ఇనుప పట్టీ ఉందా, ఎంత మందం, దోమల జాలి, బిగింపు, 18 శాతం జీఎస్టీ ఆ ధరలో కలిశాయా లేదా, అన్నీ కాగితం మీద రాయించుకో. ఎండ తగిలే వైపు ఎప్పుడైనా కొత్త అద్దం కొంటే ఎస్‌హెచ్‌జీసీ ఎంతో అడుగు. ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పే అంకె అది. 0.3 దగ్గరుంటే మంచిది, 0.8 అంటే మామూలు అద్దమే. ఆ అంకె చెప్పలేని వాడి దగ్గర కొనవద్దు.

వచ్చే ఆదివారం ఉదయం పాసింజరుకి మా వడ్రంగిని వెంటబెట్టుకుని వస్తాను. శనివారం రాత్రే అగరొత్తి పరీక్ష చేసి గీతలు పెట్టి ఉంచు. అక్కయ్యను మెట్లెక్కి డాబా మీదికి రావద్దను, సున్నం కొలతలు నేను చూసుకుంటాను.

మీ మామయ్య