కొత్త కారా, పాత కారా: ముందు దాన్ని నడిపిన మనిషిని చూడండి

విజయవాడలో ఉద్యోగమని, చేతిలో నాలుగున్నర లక్షలు ఉన్నాయని, రోజుకు 12 కిలోమీటర్లు తిరుగుతూ నెలకోసారి ఒంగోలు దగ్గర సొంతూరికి వెళ్లి వస్తారని రాశారు. అప్పు చేసి కొత్త కారు కొనాలా, ఉన్న డబ్బుతో నాలుగైదేళ్ల పాత కారు కొనాలా అని అడిగారు.

నేను రెండుసార్లు పాత కారు కొన్నాను. మొదటిసారి బాగా నష్టపోయాను. రెండోసారి కొన్న కారు ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది. మా బావమరిదికి మాత్రం పట్టుబట్టి కొత్తది కొనిపించాను. ఈ మూడింటినీ చూశాక నాకు తేలింది ఒకటే. పాత కారు కొనడమంటే ఇంకొకరి వాడకాన్ని కొనుక్కోవడం. ఆ మనిషిని కలిసి, కూర్చుని మాట్లాడే వీలుంటే పాత కారు కొనండి. మధ్యవర్తి తప్ప అసలు యజమాని కనిపించకపోతే, అప్పయినా సరే, కొత్తదే కొనండి.

2017లో నేను ఈ సంగతి ఆలోచించలేదు. ఐదేళ్ల డీజిల్ కారు, మీటరులో 47 వేల కిలోమీటర్లు, ధర 3 లక్షల 20 వేలు. పాలిష్ పెట్టి అద్దంలా నిలబెట్టారు. యజమాని ఎవరని మధ్యవర్తిని అడిగితే విదేశాలకు వెళ్లిపోయారన్నారు. ఆ రోజు క్లచ్ పెడల్ మీది రబ్బరు చూశాను. గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. చూశాను గానీ దాని అర్థం అప్పుడు తట్టలేదు. 47 వేల కిలోమీటర్లకే రబ్బరు అంతగా అరగదు. రెండు నెలల తర్వాత కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరు చెప్పి పాత రికార్డు తీయించాను. 2015లోనే రీడింగ్ 79 వేలు ఉంది! మీటరు వెనక్కి తిప్పి అమ్మారు. క్లచ్, సస్పెన్షన్, ఇంజెక్టర్లు కలిపి మొదటి ఏడాదిలోనే 90 వేలకు పైగా పెట్టాను. డబ్బు కంటే, ప్రతి చిన్న చప్పుడుకూ ఇంట్లో అందరం ఉలిక్కిపడటమే ఎక్కువ బాధ పెట్టింది. అందుకే చెబుతున్నాను, బయానా ఇచ్చేలోపే ఆ సర్వీసు రికార్డు చూడండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి.

మీరు విజయవాడలో వెతుకుతున్నారు కాబట్టి ఇంకో సంగతి వివరంగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. కార్లూ మునిగాయి. వరదలో మునిగిన బండిని ఇన్సూరెన్స్ కంపెనీ ‘టోటల్ లాస్’ (బాగుచేయించడం గిట్టుబాటు కాని బండి) కింద తీసేసినా, అది వేలంలో అమ్ముడై, మరమ్మతు చేయించుకుని మళ్లీ బజారుకు రావచ్చు. 2020 అక్టోబరు వరదల తర్వాత హైదరాబాద్ బండ్ల విషయంలోనూ ఇదే భయం ఉండేది.

2025 మొదట్లో మా బావమరిది హైదరాబాద్‌లో ఒక కారు చూశాడు. నాలుగేళ్ల పెట్రోలు బండి, మార్కెట్ ధర కంటే లక్ష తక్కువ. నంబరు ఏపీ 39. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే సిరీస్ కాబట్టి నంబరును బట్టి ఏ జిల్లా బండో తెలియదు. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ కార్డులో) చిరునామా చూడాలి. నేను వెళ్లి డ్రైవరు సీటు బెల్టును ఆఖరి వరకూ బయటికి లాగాను. మనం రోజూ లాగే మేర శుభ్రంగానే ఉంది. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే చివరి జానెడు మీద మాత్రం గోధుమ రంగు చార. వేలితో రుద్దితే ఎండిన ఒండ్రు పొడిలా రాలింది. డిక్కీలో స్టెప్నీ తీసి చూస్తే దాని గుంత అడుగున కూడా అదే మట్టి. సీటు కవర్లు, కార్పెట్లు మార్చిన వాళ్లు బెల్టు చివర కడగలేదు. అలాంటి బండిలో వైర్ల జాయింట్లు లోలోపల తుప్పు పట్టి నెలల తర్వాత మొరాయిస్తాయి. ఎయిర్‌బ్యాగుల వైర్లకూ అదే గతి పట్టవచ్చు. పిల్లలను ఎక్కించుకునే బండి, అందుకే వద్దన్నాను.

మరి నా రెండో కారు ఎలా వచ్చింది? 2021లో తెనాలిలో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి దగ్గర. తెలిసినవారి ద్వారా కబురు వచ్చింది. ఐదేళ్ల పెట్రోలు కారు, ఆయనే మొదటి యజమాని. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టారు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, రీడింగ్, లీటర్లు. ఆయిల్ మార్చిన రోజున ఎర్ర ఇంకుతో గీత. ఒకచోట ‘గేటుకు తగిలి ఎడమ తలుపు సొట్ట, రంగు వేయించాను’ అని కూడా ఉంది. అడగకుండానే ఆ తలుపు దగ్గరకు తీసుకెళ్లి చూపించారు. నేను బేరమాడలేదు. ఈ నాలుగేళ్లలో టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు తప్ప పెద్ద ఖర్చేమీ రాలేదు.

ఇక మీ లెక్క. మీరు తిరిగేది నెలకు 600 కిలోమీటర్లు, ఏడాదికి ఏడు వేలకు కాస్త ఎక్కువ. ఇంత తక్కువ వాడకానికి డీజిల్ జోలికే వెళ్లకండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే తరచూ హైవే మీద కాసేపు ఆగకుండా నడపాలి. ఊళ్లోనే కొద్దికొద్ది దూరాలు తిరిగితే పూడుకుపోతుంది. పెట్రోలు కారే మీకు సరైనది.

కొత్త కారు రోడ్డు మీదికి వచ్చేసరికి ఎనిమిదిన్నర లక్షలు అనుకుందాం. నాలుగు లక్షలు అప్పు చేస్తే, 9 శాతం వడ్డీకి ఐదేళ్ల పాటు నెలకు 8,300 కట్టాలి. వడ్డీయే 98 వేలు. ఇన్సూరెన్స్ వాళ్లు విలువ కట్టే పద్ధతిలో ఏడాది దాటితే 20 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగుదల తీసేస్తారు. ఏడాదికి ఏడు వేల కిలోమీటర్ల కోసం అంత తరుగు మీరు భరించడం నాకు సబబుగా అనిపించడం లేదు. బావమరిది సంగతి వేరు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతాడు, ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, పదేళ్లు అదే బండి వాడతానన్నాడు. అలాంటివారికి కొత్తదే మేలు.

ధర మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు చిన్న పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. ఏడు లక్షల కారు మీద దాదాపు 60 వేలు తగ్గినట్టు. పాత కారు అమ్మేవారు తాము కొన్నప్పటి ధర చెప్పి బేరం మొదలుపెడితే, ఇప్పటి షోరూమ్ ధర వారి ముందు పెట్టండి.

కాగితాల్లో తొందర పడకండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి. చలానాలు ఆన్‌లైన్‌లో చూడండి. బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని మొత్తం డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించండి, లేకపోతే మీ బండికి జరిగే నష్టానికి క్లెయిము తిరస్కరించే ప్రమాదం ఉంది. క్లెయిములు చేయనందుకు అమ్మినవారికి ప్రీమియంలో దక్కిన తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) మీకు రాదు. తెలంగాణ బండి చవకగా దొరికినా, అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్ కలిపాకే అది నిజంగా చవకో కాదో తేల్చుకోండి.

వెతకడం మీ ఆఫీసులో, ఒంగోలు వైపు బంధువుల్లో మొదలుపెట్టండి. కొత్త కారు బుక్ చేసి పాతది తీసేద్దామనుకునేవారు ఎక్కడో ఒకచోట ఉంటారు. మూడు నెలలు చూసినా యజమాని ఎదురుగా ఉండి అమ్మే బండి దొరకకపోతే, మీ నాలుగున్నర లక్షలు ముందు కట్టి చిన్న కొత్త కారు తీసుకోండి. పాతది చూడటానికి వెళ్లే రోజు మాత్రం ఉదయం ఏడింటికే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందు రోజే చెప్పండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే దాని చప్పుడూ, పొగా నిజం చెబుతాయి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా తగిలితే, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.